సన్న రక్తనాళాలకు సి విటమిన్ దన్ను

ఒంట్లో అన్నిటికంటే సన్నని రక్తనాళాలు కేశనాళికలు. వీటి వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి పోవలసిందే. గోడ మందం ఒకే వరస కణాలు. ఆ వరసను చుట్టూ పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీన్ అల్లిక.

మూడు పోగులు మెలిపడితే కొల్లాజెన్ అవుతుంది. మెలిక నిలబడేలా పోగులను సిద్ధం చేసే ఎంజైముల్లో ఇనుము ఉంటుంది. పని జరిగేకొద్దీ ఆ ఇనుము ఆక్సీకరణం చెంది ఎంజైము మూలపడుతుంది. దాన్ని మళ్ళీ పనిలో పెట్టేది సి విటమినే. అమలాపురం పక్కనున్న బండారులంక నేతపనివారికి తెలుసు, గంజి పెట్టని పడుగు మగ్గం మీద ఎంత తేలిగ్గా తెగుతుందో. సి విటమిన్ అందని కొల్లాజెన్ కూడా అంతే. కాకపోతే గంజి నూలును అంటుకుని ఉంటుంది, విటమిన్ మాత్రం పోగులో చేరకుండానే ఖర్చయిపోతుంది. మనిషి శరీరం దీన్ని తయారుచేసుకోలేదు కాబట్టి తిండి ద్వారా ఎప్పటికప్పుడు అందాలి.

ఒకటి నుంచి మూడు నెలలు బొత్తిగా అందకపోతే స్కర్వీ వస్తుంది. కాళ్ళ మీద వెంట్రుకల మొదళ్ళ చుట్టూ సూదిమొనంత ఎర్రచుక్కలు లేస్తాయి. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు, రక్తం అప్పటికే నాళం దాటి చర్మంలోకి వచ్చేసింది కనుక. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ వైద్యుడు నారింజ, నిమ్మజాతి పళ్ళతో దీన్ని నయం చేసి చూపాడు.

నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా ఈ విటమిన్ కాపాడుతుంది. అంతమాత్రాన మాత్రలు మింగితే గుండె పదిలమనుకోకూడదు. అమెరికాలో వేలాది డాక్టర్లకు ఏళ్ళ తరబడి రోజూ 500 మి.గ్రా. ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదని 2008లో తేలింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మి.గ్రా. చాలు. నూరు గ్రాముల జామకాయలో 200 మి.గ్రా. పైనే ఉంటుంది. ఉసిరి, మునగాకు కూడా గొప్పవే. కోనసీమలో కొదవలేని కొబ్బరినీళ్ళలో మాత్రం ఇది నామమాత్రం. వేడికి నశిస్తుంది కనుక పప్పు దించాకే నిమ్మకాయ పిండాలి. పొగతాగేవారికి మరికాస్త అవసరం.

చిగుళ్ళ రక్తానికి పాచి, డెంగీ వంటి కారణాలూ ఉంటాయి కాబట్టి డాక్టరుకు చూపించాలి. స్కర్వీయే అయితే, విటమిన్ మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే రక్తం కారడం ఆగిపోతుంది.