గడ్డకట్టిన నీరు – పగిలిన ఇంజను

మన తెలుగునాట కారు రేడియేటరులో నీరు తగ్గినప్పుడు దారిపక్క కుళాయి నీటిని పట్టి పోయడం చిరకాలపు అలవాటు. విజయవాడలో గాని, వరంగల్లులో గాని ఆ నీరు గడ్డకట్టే ప్రసక్తి లేదు. లంబసింగి వంటి మన్యపు గ్రామాలలోనే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువవుతుంది. అదే అలవాటును ఐర్లండులోనూ కొనసాగిస్తే, ఒక్క రాత్రిలో ఇంజనునే కోల్పోవలసి రావచ్చు.

అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చదనం వల్ల ఐర్లండులో శీతకాలం సాధారణంగా సౌమ్యంగానే గడుస్తుంది. ఈ సౌమ్యతే మనలను ఏమరుపాటుకు లోను చేస్తుంది. 2010 డిసెంబరు 25న మేయో కౌంటీలోని స్ట్రేడ్ వద్ద ఉష్ణోగ్రత మైనస్ 17.5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అదే నెలలో ఉత్తర ఐర్లండులోని కాసిల్‌డెర్గ్‌లో మైనస్ 18.7 డిగ్రీలు నమోదయింది. 1881 జనవరిలో స్లైగో కౌంటీలోని మార్క్రీ వద్ద మైనస్ 19.1 డిగ్రీలు నమోదయినట్లు వాతావరణ చరిత్ర చెబుతున్నది. కనుక ఇంజనుకు కావలసిన రక్షణను ప్రతి ఏటి చలిని బట్టి గాక, ఎప్పుడో ఒకసారి వచ్చే ఇటువంటి రాత్రిని బట్టి నిర్ణయించుకోవాలి.

చాలా పదార్థాలు ఘనీభవించినప్పుడు కుంచించుకుపోతాయి. నీటి స్వభావం ఇందుకు భిన్నం. నాలుగు డిగ్రీల వరకు అది కుంచించుకొని, ఆపైన చల్లబడేకొద్దీ వ్యాకోచిస్తుంది. గడ్డకట్టేటప్పుడు దాని అణువులు హైడ్రోజన్ బంధాల వల్ల షట్కోణాకారంలో, నడుమ ఖాళీలు విడిచి అమరుతాయి. అందుచేత లీటరు నీరు గడ్డకడితే ఆ మంచుకు దాదాపు 1,090 మిల్లీలీటర్ల చోటు కావాలి. ఇంజను దిమ్మెలోని ఇరుకు కాలువలలో అంత అదనపు చోటు లేదు. ఆ ఒత్తిడికి పోత ఇనుము గాని, అల్యూమినియం గాని బీటలు వారుతుంది. దిమ్మెకు బిగించిన కోర్ ప్లగ్గులు ఒక్కొక్కసారి ముందుగా ఊడివచ్చి కొంత మేలు చేసినా, వాటిని నమ్ముకోవడానికి వీలులేదు.

ఈ ఆపదను నివారించేదే యాంటీఫ్రీజు. ఇందులో ప్రధాన ద్రవ్యం సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్. దీని అణువులు నీటి అణువుల నడుమ చేరి, అవి మంచుగా పేరుకోకుండా అడ్డుపడతాయి. మన ఊళ్ళలో ఐస్‌క్రీము చేసేవారు మంచుముక్కలపై ఉప్పు చల్లడంలోనూ, ఇక్కడి రహదారులపై ఉప్పు వేయడంలోనూ ఉన్నది ఇదే సూత్రం. అయితే ఉప్పు లోహాన్ని తినివేస్తుంది కనుక ఇంజనులో వాడరాదు.

నాలుగింట ఒక వంతు గ్లైకాల్ ఉన్న మిశ్రమం సుమారు మైనస్ 12 డిగ్రీల వరకు, మూడింట ఒక వంతు ఉన్నది సుమారు మైనస్ 18 డిగ్రీల వరకు, సగం సగం కలిపినది సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. విచిత్రమేమంటే, నీరు కలపని శుద్ధ గ్లైకాల్ దాదాపు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. కాబట్టి ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు.

తగ్గినప్పుడల్లా వట్టి నీరు పోస్తూ ఉంటే మిశ్రమం నానాటికీ పలచనవుతుంది. రంగు కొంత మిగిలి ఉండవచ్చు గాని, రక్షణ మిగలదు. హైడ్రోమీటరుతో పరీక్షించి చూడటమే సరియైన పద్ధతి. ఐర్లండులో సున్నపురాతి నేలలు విస్తారం. అక్కడి కుళాయి నీటిలోని లవణాలు లోపల పేరుకుంటాయి. అందువల్ల లవణాలు తొలగించిన నీటిలోనే, తయారీదారు సూచించిన యాంటీఫ్రీజును కలపాలి.

చలి తీవ్రంగా ఉన్న ఉదయం ఇంజను నడిపిన కొద్దిసేపటికే బెల్టు కీచుమన్నా, వేడిని చూపే ముల్లు ఎర్రగీతకు చేరినా వెంటనే ఆపివేయాలి. బయట మంచు కురుస్తుంటే లోపల ఇంజను మండిపోవడమేమని ఆశ్చర్యపడనక్కరలేదు. రేడియేటరులోనో పంపులోనో నీరు గడ్డకడితే ప్రవాహం నిలిచిపోతుంది. సిలిండర్లలో పుట్టిన వేడి బయటకు పోయే దారి ఉండదు. అప్పుడు బండిని వెచ్చని చోటికి చేర్చి, దానంతట అదే కరగనివ్వాలి. సలసల కాగే నీరు పోస్తే లోహం మరింత పగులుతుంది. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎన్నడూ తీయరాదు.

అసలు నష్టం మంచు కరిగిన తరువాతనే బయటపడుతుంది. అంతవరకు పగుళ్ళను మంచే మూసి ఉంచుతుంది. బండి కింద మడుగు, చల్లగాలి విసిరే హీటరు, ఎంతసేపటికీ ఆగని తెల్లని పొగ, పాలు కలిపిన కాఫీ రంగుకు మారిన ఇంజను నూనె – వీటిలో ఏది కనిపించినా బండిని నడపక మెకానిక్కుకు చూపించాలి. నీరు కలిసిన నూనె కందెనగా పనికిరాదు. బేరింగులు త్వరలోనే అరిగిపోతాయి.

చివరగా తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నేలపై ఒలికినదాన్ని వెంటనే తుడిచివేయాలి. డబ్బాను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట ఉంచాలి. ఎవరైనా మింగినట్లు అనుమానం కలిగితే లక్షణాల కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏటా చలి ముదరక ముందే, అక్టోబరు నెలలో ఒక్కసారి మిశ్రమాన్ని పరీక్షింపజేసుకుంటే ఇంజను క్షేమంగా ఉంటుంది.