సిమెంటు పుట్టకముందు కట్టిన ఇల్లు

పిల్లలూ! మా మడికొండలో మా తాతగారు కట్టించిన పాత ఇల్లొకటి ఉంది. ఇటుకా, డంగు సున్నమూ వేసి కట్టింది. కొన్నేళ్ల క్రితం ముందు గోడ పెచ్చులు రాలుతుంటే, నేనే మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పూత ఉబ్బి, పలకలు పలకలుగా ఊడిపోయింది. వెనకనున్న ఇటుకను చేత్తో నలిపితే పొడి అయిపోతోంది! సైన్సు మాస్టారినై ఉండీ నేను చేసిన తప్పేమిటో, హైదరాబాదులో ఒక భవనం చూసి వచ్చాక గాని తెలియలేదు.

అది కోఠీలోని రెసిడెన్సీ. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దగ్గర ఉండే రెసిడెంటుకు అది నివాసం. జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803లో మూసీ ఒడ్డున దీన్ని మొదలుపెట్టించాడు. ఖర్చు నిజాంది. నమూనా గీసినవాడు శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరు.

స్థలం సంపాదించిన కథ తమాషాగా ఉంటుంది. జాన్ మాల్కం అనే ఆనాటి అధికారి చెప్పిన కథ ఇది. కర్క్‌పాట్రిక్ తనకు కావలసిన స్థలాన్ని పెద్ద కాగితం మీద వివరంగా గీయించి నిజాంకు చూపించాడట. నిజాం ససేమిరా అన్నాడు. "మా ప్రభువు తన రాజ్యం పటాన్నే ఇంత పెద్ద కాగితం మీద చూడలేదు, ఎలా ఇస్తాడు?" అని మంత్రి నవ్వాడట. అదే స్థలాన్ని చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడట! భూమి మారలేదు, స్కేలు మారింది. పటం చూసేటప్పుడు మూలనున్న స్కేలు చూడమని మీ సాంఘికశాస్త్రం మాస్టారు ఊరికే చెప్పరు.

భవనం పూర్తయింది 1806లో. కట్టించినవాడు దాన్ని పూర్తిగా చూడనేలేదు. 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు.

ముందుభాగంలో ఆరు పెద్ద స్తంభాలు, మెట్లకు ఇరుపక్కలా రెండు సింహాలు. దూరంనుంచి స్తంభాలు రాతివనిపిస్తాయి. కావు! లోపల ఇటుకలు, పైన నున్నగా మెరిపించిన సున్నపు గచ్చు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. అంటే ఈ ఇల్లు నిలబడ్డ పద్దెనిమిదేళ్లకు.

మరి సున్నం ఇంత బరువును ఎలా పట్టుకుంది? సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుసలాడుతూ తడిసున్నం అవుతుంది. దీనికి ఇసుక కలిపి, ఎద్దులచేత రాతిచక్రం తిప్పించి మెత్తగా నూరేవారు. కొన్నిచోట్ల కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. గోడకెక్కిన తర్వాత ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుంటుంది. మెల్లమెల్లగా మళ్లీ రాయి అవుతుంది! కొండలో రాయి, బట్టీలో పొడి, గోడలో తిరిగి రాయి.

సున్నపు పూతలో సన్నని రంధ్రాలుంటాయి. గోడలోకి ఎక్కిన తడి వాటిగుండా ఆవిరైపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి ఇటుకలోనే చిక్కుకుంటుంది. అందులో కరిగిన లవణాలు లోపలే స్ఫటికాలుగా పెరిగి ఇటుకను పొడిచేస్తాయి. నా గోడకు పట్టిన గతి ఇదే.

రెసిడెన్సీ అంతకన్నా పెద్ద దెబ్బలే చూసింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దీనిమీద దాడిచేశారు. 1947లో రెసిడెంట్ల కాలం ముగిసింది. 1949లో మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. పరాయి పాలకుని ఇంట్లో మన ఆడపిల్లలు రసాయనశాస్త్రం చదువుకున్నారు! 2022లో అది విశ్వవిద్యాలయమైంది. దానికి మన వరంగల్లు ప్రాంతపు వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు 2024లో ప్రకటించారు.

కాని వానలు, చెమ్మ, చెట్లవేళ్లు పాతభవనాన్ని వదలవు గదా. 2002లో ప్రపంచ స్మారక కట్టడాల నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత ఆ సంస్థ సాయంతో మరమ్మతులు జరిగాయి. ఇలాంటి పనుల్లో ఆరితేరినవాళ్లు సున్నపు గోడకు సున్నమే వాడతారు.

మీరూ ఒకటి చేసి చూడండి. తాంబూలపు సున్నం కొంచెం నీళ్లలో కలిపి, తేరిన నీటిని పళ్లెంలో పోసి కదపకుండా ఉంచండి. మరునాటికి పైన పలచని తెల్లని పొర కడుతుంది. గోడలో జరిగేదీ అదే. (సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త! పొడిసున్నం జోలికి మాత్రం వెళ్లకండి.)

నా సంగతంటారా? సిమెంటంతా గీకించి, చెడ్డ ఇటుకలు మార్పించి, సున్నపు గచ్చు వేయించాను. పైపైన గట్టిపడింది గాని లోపలింకా పచ్చిగానే ఉంది. రోజూ పొద్దున గోడ తడుపుతున్నాను. వీధిలోవాళ్లు నవ్వుతున్నారు.