ఉరుముకు కళ్లెం

మా బావమరిది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఒక షెవ్రొలె సిల్వరాడో పికప్ కొన్నాడు. 5.3 లీటర్ల వి-8 ఇంజన్, వెనక బారెడు తొట్టి. బండి అంతకుముందు మిషిగన్‌లో తిరిగింది. చలికాలంలో అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు తాగి తాగి సైలెన్సర్‌ అతుకు దగ్గర తుప్పు తినేసి చిల్లు పడింది. బండి కింద పడుకుని వీడియో కాల్‌లో చూపించాడు. వేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. "ఎలాగూ మార్చాలి కదా బావా, కంపెనీది ఎందుకు, గంభీరంగా మోగేది వేయిద్దామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావు?" అన్నాడు.

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న ఒక కంపెనీ పేరు చెప్పేస్తే తేలేది కాదు. ఆ గొట్టంలో ఏం జరుగుతుందో తెలిస్తే మాత్రం సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. వాడికి చెప్పిన కథే ఇది.

సిలిండర్‌లో పెట్రోలు మండి పిస్టన్‌ను తోసేశాక ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటికీ లోపలి వాయువు బయటి గాలికి కొన్ని రెట్ల పీడనంతో, వందల డిగ్రీల వేడితో ఉంటుంది. సందు దొరగ్గానే ఒక్క ఉదుటున బయటకు ఉరుకుతుంది. అదే పేలుడు చప్పుడు. వి-8లో ఎనిమిది సిలిండర్లూ ఇంజన్ రెండు చుట్లు తిరిగేలోగా వంతులవారీగా పేలతాయి. నిమిషానికి 1,800 చుట్ల దగ్గర లెక్క కడితే సెకనుకు 120 పేలుళ్లు. ఈ 120ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. అమెరికా వి-8లలో క్రాంక్ షాఫ్ట్ అమరిక వల్ల ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లూ సమాన ఎడంతో పేలవు. పేలుడికీ పేలుడికీ మధ్య 90, 180, 270, 180 డిగ్రీలు, ఇలా ఎగుడుదిగుడుగా వస్తాయి. తాళం కాస్త తప్పినట్టుండే ఆ గుడగుడ అక్కడే పుడుతుంది. అమెరికా పికప్ ప్రియులు ప్రాణం పెట్టేది ఆ గుడగుడ మీదే.

దీన్ని అదుపు చేయాలన్న ఆలోచన మోటారు బండి పుట్టిన తొలినాళ్లదే. ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే చిన్న ఊళ్లో మిల్టన్ రీవ్స్ రంపపు మిల్లులకు వేగం మార్చుకునే పుల్లీలు తయారుచేసేవాడు. 1896లో పెట్రోలు బండి ఒకటి కట్టాడు. వీధుల నిండా గుర్రాలు తిరిగే రోజులవి, ఇంజన్ మోతకు అవి బెదిరేవి. అన్న మార్షల్‌తో కలిసి 1897లో ఇంజన్ చప్పుడు తగ్గించే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. ఇదే మిల్టన్ తర్వాత 1911లో ఎనిమిది చక్రాల కారు కట్టి చూపించాడు, కొనేవాళ్లు లేకపోయారు. ఆ కారును జనం మరిచిపోయారు గానీ, ఆ డబ్బా మాత్రం ప్రపంచంలో ప్రతి పెట్రోలు బండి కిందా ఏదో ఒక రూపంలో ఉంది. అమెరికాలో దాన్ని మఫ్లర్ అంటారు. మనం సైలెన్సర్ అంటున్నది ఇంగ్లండువాళ్ల మాట.

తొలినాటి కార్లకు కటౌట్ అని ఇంకొకటి ఉండేది. మెట్ట ఎక్కేటప్పుడు డ్రైవరు దాన్ని తెరిస్తే పొగ సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటకు వచ్చేసేది. బలం పెరుగుతుందని నమ్మకం. ఊళ్లు గోలపెట్టడంతో ఒక్కోచోట నిషేధించారు. వందేళ్లు దాటినా ఆ మాట టెక్సాస్ రవాణా చట్టంలో ఇప్పటికీ ఉంది: సైలెన్సర్ ఉండాలి, కటౌట్ ఉండకూడదు.

ఇక డబ్బా లోపలి సంగతి. చప్పుడును తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది గదుల దారి. లోపల అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు, వేరువేరు కొలతల గదులు ఉంటాయి. వచ్చిన అల గోడకు తగిలి వెనక్కి తిరుగుతుంది. గది పొడవు సరిగ్గా కుదిరితే తిరిగొచ్చిన అల పల్లం, కొత్తగా వస్తున్న అల శిఖరం ఒకదాన్నొకటి మింగేస్తాయి. చెరువులో రెండు రాళ్లు వేసినప్పుడు వలయాలు కలిసే చోట నీళ్లు అక్కడక్కడా కదలకుండా నిలిచిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'బూ' అని ఒకే స్వరం వస్తుంది చూడండి, ఆ లెక్కను జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే తేల్చాడు. సైలెన్సర్‌లో ఒక గదిని అలాంటి సీసాగా కట్టి, సరిగ్గా ఆ స్వరాన్నే పట్టి అణచేస్తారు.

రెండోది పీల్చే దారి. చిల్లులున్న నిటారు గొట్టం, దాని చుట్టూ గాజుపీచు, పైన రేకు. దీన్ని గ్లాస్‌ప్యాక్ అంటారు. అల పీచులోకి చొరబడి రాపిడికి వేడిగా మారిపోతుంది. పొగకు అడ్డేమీ ఉండదు. ఇది సన్నటి, కీచుమనే చప్పుళ్లను బాగా మింగుతుంది, బొంగురు చప్పుళ్లను వదిలేస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ పీచు కాలి, పొడై గొట్టం వెంట ఎగిరిపోతుంది. కొన్నప్పుడు ముద్దుగా మోగింది నాలుగేళ్లకు రంకెలు వేస్తుంది.

1970లో అమెరికా వాయు కాలుష్య చట్టాన్ని బిగించింది. 1975 మోడళ్ల నుంచి అక్కడి కార్ల కింద సైలెన్సర్‌కు ముందు ఇంకో డబ్బా వచ్చి కూర్చుంది, క్యాటలిటిక్ కన్వర్టర్. దీని మూలపురుషుడు అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ. 1950లలోనే తయారుచేసినా, పెట్రోలులో కలిపే సీసం దాని లోపలి లోహపు పూతను పనికిరాకుండా చేసేది. సీసం పోయాకే దీనికి రోజులొచ్చాయి. మన దేశంలోనూ అదే వరస: 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు, దానితోపాటు కొత్త కార్లకు కన్వర్టర్లు వచ్చాయి. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన తేనెపట్టులాంటి ఆ రాయి కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలును, నైట్రోజన్ ఆక్సైడ్లను ఒకేసారి విరిచేస్తుంది.

అందుకే నేను వాడికి మొట్టమొదట చెప్పింది, ఏది మార్చినా కన్వర్టర్‌కు వెనకే మార్చు అని. దుకాణాల్లో క్యాట్-బ్యాక్ అనేది అదే. కన్వర్టర్‌ను కోసేయడం అక్కడి ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అయినా డీజిల్ పికప్‌ల పొగ వడపోతలను పీకేసి తిప్పుతున్న బండ్లు 5.5 లక్షలకు పైనే ఉంటాయని 2020లో అమెరికా పర్యావరణ సంస్థ అంచనా కట్టింది. చప్పుడు పక్కవాడి చెవికి ఇబ్బంది, పొగ పక్కవాడి పిల్లల ఊపిరికి. రెంటినీ ఒకే గాటన కట్టలేం.

"గొట్టం ఎంత లావైతే అంత బలమట కదా?" అన్నాడు. కాదు. పొగ ముద్దలు ముద్దలుగా వెళుతుంది. వేగంగా వెళ్లే ఒక ముద్ద తన వెనక కాస్త ఖాళీని మిగిల్చి తర్వాతి ముద్దను లాగుతుంది. గొట్టం మరీ లావైతే ఆ వేగం చచ్చి, తక్కువ చుట్ల దగ్గర లాగుడు తగ్గుతుంది. మరీ సన్నమైతే ఎక్కువ చుట్ల దగ్గర ఊపిరాడదు. పడవ కట్టిన ట్రైలరును లాగే బండికి కావాల్సింది తక్కువ చుట్ల దగ్గరి బలం. ఈ ఇంజనుకు మూడంగుళాల గొట్టం ఒక్కటి చాలు. లావు కన్నా వంపులు ముఖ్యం. వంచేటప్పుడు లోపల అచ్చు పెట్టి వంచితే గొట్టం గుండ్రం చెడదు. ఊరికే వంచితే వంపు దగ్గర నలిగి సన్నమైపోతుంది.

లోహం సంగతి మిషిగన్ ఉప్పు వాడికి ముందే నేర్పింది. అయితే తుప్పు లోపలి నుంచీ వస్తుంది. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొద్దున్నే బండి తీస్తే గొట్టం చివర చుక్కలు కారేది అందుకే. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆ నీరు సైలెన్సర్ అడుగున నిలిచిపోతుంది. అల్యూమినియం పూత ఉక్కు చవక, 409 స్టెయిన్‌లెస్ మధ్యరకం, 304 ఖరీదు కానీ ఎక్కువ కాలం మన్నుతుంది. బండి ఇక టెక్సాస్‌లోనే ఉంటుంది కాబట్టి 409 చాలన్నాను.

ఇప్పుడు 120 దగ్గరికి వద్దాం. దుకాణం ముందు బండి నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ప్రతి సైలెన్సరూ ముచ్చటగానే మోగుతుంది. అసలు పరీక్ష హైవే మీద. ఈ పికప్ గంటకు 110 కిలోమీటర్ల దగ్గర ఇంచుమించు 1,800 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 120 పేలుళ్ల స్వరం క్యాబిన్ గోడలతో శ్రుతి కలిస్తే లోపల ఒకటే హోరు, చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. అక్కడివాళ్లు డ్రోన్ అంటారు. గంటలో తలనొప్పి ఖాయం. దీనికో చక్కని విరుగుడుంది: ప్రధాన గొట్టానికి పక్కన, చివర మూసేసిన చిన్న గొట్టాన్ని అతకడం. అల దానిలోకి పోయి, మూతకు తగిలి, సగం అల ఆలస్యంగా తిరిగొచ్చి తన స్వరాన్ని తానే చంపుకుంటుంది. పక్క గొట్టంలో పొగ నిలవుండి చల్లబడుతుంది కాబట్టి ధ్వని వేగం సెకనుకు 400 మీటర్లనుకుంటే, 120కి కావాల్సిన పొడవు 83 సెంటీమీటర్లు. బండి కింద హాయిగా పడుతుంది.

కానీ ఈ సిల్వరాడోకు ఇంకో మెలిక ఉంది. బరువు లేనప్పుడు పెట్రోలు పొదుపు కోసం నాలుగు సిలిండర్లు వాటంతటవే ఆగిపోతాయి. 1,500 చుట్ల దగ్గర అప్పుడు సెకనుకు 50 పేలుళ్లే. ఆ స్వరానికి పక్క గొట్టం రెండు మీటర్లు కావాలి, పెట్టడానికి చోటుండదు. కంపెనీ సైలెన్సర్ అంత పెద్ద డబ్బాగా ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. బొంగురు స్వరాన్ని అణచాలంటే గదుల్లో చోటు కావాలి. చిన్నగా, అందంగా ఉందని గ్లాస్‌ప్యాక్ వేస్తే నాలుగు సిలిండర్ల వేళ తొట్టి రేకు కూడా అదురుతుంది.

మన దగ్గర బుల్లెట్ బండ్ల సైలెన్సర్‌లో అడ్డురేకులు పీకించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు లెక్కలన్నీ తీసి పారేసి మిగిలిన పేలుడుకు డబ్బులిస్తున్నారు. పోలీసులు పట్టుకుని వాటిని రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా పడుతుంది. మా వీధిలో తెల్లవారుజామున అలాంటి బండి ఒకటి పోతే పక్కింటి ముసలమ్మ గుండె పట్టుకుని కూర్చుంది.

వాడు చివరికి గదులున్న పెద్ద డబ్బా, మూడంగుళాల గొట్టం, 83 సెంటీమీటర్ల పక్క గొట్టం వేయించాడు. పొగ క్యాబిన్ కింద చేరకుండా గొట్టం చివర వెనక చక్రం దాటి బయటకు వచ్చేలా చూసుకోమన్నాను, అలాగే చేశాడు. మొన్న ఆస్టిన్ వెళుతూ దారిలో స్పీకర్‌లో ఫోన్ చేశాడు. బయలుదేరేటప్పుడు గుడగుడ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఇప్పుడెంత వేగంలో ఉన్నావంటే 110 అన్నాడు. లేను మారుతున్నట్టున్నాడు, ఇండికేటర్ టిక్కుటిక్కుమనడం ఇక్కడ నాకు స్పష్టంగా వినిపించింది.