మూడు గుళ్లతో రైఫిల్ గుణం తేలదు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. రైఫిల్ దగ్గర ఆ సూత్రం చెల్లదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అమెరికాలో మాత్రం లైసెన్సు తీసుకుని, సీజన్‌లో జింకలను వేటాడవచ్చు. అక్కడ కొత్త రైఫిల్ కొన్నవాళ్లలో చాలామంది 100 గజాల దూరంలో కాగితం పెట్టి మూడు గుళ్లు పేలుస్తారు. మూడూ అంగుళం లోపు పడితే రైఫిల్ మంచిదంటారు, చెదిరితే తూటా మారుస్తారు. ఇంత తక్కువ సాక్ష్యంతో తీర్పు చెప్పడం తప్పు.

ఏ తూటా ఏ బారెల్‌కు నప్పుతుందో పేల్చి చూస్తే గానీ తెలియదు. అందుకే కొందరు తూటాలను సొంతంగా తయారు చేసుకుంటారు. పేలిన ఇత్తడి కేసును మళ్లీ కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ కూర్చి, మందు తూచి పోసి, మూతి దగ్గర బుల్లెట్ బిగిస్తారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు. .30-06 లాంటి తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. కాబట్టి ప్రచురిత మాన్యువల్‌లోని కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. ఒత్తిడి మించిందనడానికి గుర్తుగా రైఫిల్ బోల్టు బిగుసుకున్నా, ప్రైమర్ చదునైపోయినా అక్కడితో ఆపేయాలి.

ఇంత శ్రద్ధగా తయారు చేసిన తూటాలను కూడా మూడేసి గుళ్లతోనే పోల్చడం వల్ల చిక్కు వస్తుంది. గుళ్లు ఒకే చోట పడవు, కొంత చెదరడం సహజం. గణితం ప్రకారం, మూడు గుళ్ల సమూహం సగటున అంగుళం వెడల్పుంటే, అదే రైఫిల్, అదే తూటాతో పది గుళ్ల సమూహం దాదాపు 1.6 అంగుళాలుంటుంది. పైగా మూడు గుళ్ల సమూహం ఒకసారి చిన్నగా, ఒకసారి పెద్దగా వస్తుంది. అందుకే అయిదు రకాల తూటాలు నిజానికి సమానమే అయినా, మూడేసి గుళ్లు పేలిస్తే ఏదో ఒకటి గొప్పగా కనిపిస్తుంది. ఆ గొప్పతనం యాదృచ్ఛికం.

వేటలో సాధారణంగా పేలేది చల్లని బారెల్‌తో ఒక్క గుండే కదా, సన్నని బారెల్‌ను పది గుళ్లతో వేడెక్కించడమెందుకని కొందరి అభ్యంతరం. అది సబబే. అయితే దానికి విరుగుడు గుళ్లు తగ్గించడం కాదు, మధ్యలో బారెల్‌ను చల్లారనివ్వడం. షూటింగ్ రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ మొదటి గుండును ఒకే కాగితం మీద పేల్చి, పది రంధ్రాలు పోగుచేసినా సరిపోతుంది. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది, ఇంత లెక్క అవసరమా అని మరో వాదన. 100 గజాల దగ్గర 1.6 అంగుళాలు చెదిరేది 300 గజాల దగ్గర అయిదంగుళాలకు చేరుతుంది. గాలి, చేతి వణుకు దానికి తోడవుతాయి. గురి తప్పితే గాయపడిన జంతువు పొదల్లో గంటల తరబడి నరకం అనుభవిస్తుంది.

కాబట్టి వేటగాడు ముందు పది గుళ్లతో తన రైఫిల్ హద్దు తెలుసుకోవాలి. ఆ హద్దు దాటిన దూరంలో జింక కనిపిస్తే ట్రిగ్గర్ నొక్కకూడదు.