కెమెరాలున్న ఇంట్లో కబురు

టీవీలో కనబడేవాళ్ళకేం, రాజభోగం అనుకుంటాం. జేడ్ గూడీ గుర్తుందా? ఇంగ్లండులో పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేసిన ఈ అమ్మాయికి 2002లో 'బిగ్ బ్రదర్'తో పేరొచ్చింది. అదేం పేరులెండి, పత్రికలు ఆమె లావునీ, తెలియనితనాన్నీ వెక్కిరించాయి. 2007లో శిల్పాశెట్టిని అవమానించిందని జనం దుమ్మెత్తిపోశారు.

మరుసటేడు ఆగస్టులో, అదే శిల్ప నడిపిన మన హిందీ 'బిగ్ బాస్'కి వచ్చింది. వచ్చీరాగానే, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరన్న కబురు కెమెరాలున్న ఆ ఇంట్లోనే ఫోనులో విన్నది. ఏ ఆడదానికైనా అప్పుడు పక్కన ఒక చెయ్యి కావాలి కదా!

తర్వాత తన పెళ్ళి ఫోటోల హక్కులు అమ్ముకుంది. డబ్బాశ అన్నారు కొందరు. ఇద్దరు మగపిల్లల చదువుల కోసమట. 2009 మార్చి 22న, 27 ఏళ్ళకే పోయింది. ఇంగ్లండులో ఆ రోజు మదర్స్ డే. ఆమె జబ్బు సంగతి బయటపడ్డాక, అక్కడ ఏడాదిలో సుమారు 4 లక్షలమంది ఆడవాళ్ళు అదనంగా స్మియర్ పరీక్ష చేయించుకున్నారు.