గడి ఎవరిది? నవ్వు ఎవరిది?

జంతువులు మాట్లాడే కథ కనిపించగానే మన విమర్శ దాన్ని రెండు విధాలుగా పక్కన పెడుతూ వచ్చింది. పిల్లల పుస్తకం కదా, దాని మీద విమర్శ ఏమిటని కొందరంటారు. పలాయన సాహిత్యం కనుక విమర్శకు అర్హం కాదని మరికొందరంటారు. రెండు మాటల వల్లా జరిగే నష్టం ఒక్కటే. ఆ కథ ఏ సమాజాన్ని ఏ వైపు నుంచి చూపిస్తున్నదో పరిశీలించే పని ఆగిపోతుంది. నిజానికి పిల్లవాడు ఎవరిని చూసి నవ్వాలో, ఎవరిని చూసి భయపడాలో, ఎవరి ఇల్లు పోతే బాధపడాలో నేర్చుకునేది ఇలాంటి కథల్లోనే. కాబట్టి ఈ కథలను పెద్దల నవలల కంటే శ్రద్ధగా చదవాలి.

ఈ దృష్టితో చదవవలసిన పుస్తకం ఇంగ్లీషులో ఒకటుంది. కెన్నెత్ గ్రాహమ్ 1908లో ప్రచురించిన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’. ఇంగ్లండు పల్లెసీమలో, ఒక నది ఒడ్డున నివసించే నలుగురు జంతుమిత్రుల హాస్య సాహసగాథ ఇది. మోల్ అనేది నేల తవ్వుకుని బతికే చిన్న జంతువు. ఒక వసంతకాలపు ఉదయం ఇల్లు శుభ్రం చేస్తూ చేస్తూ విసుగెత్తి, సున్నం కుంచె పారేసి బయటికి వస్తుంది. నది ఒడ్డున నీటి ఎలుకతో స్నేహం కుదురుతుంది. అడవి నడుమ బ్యాడ్జర్ అనే పెద్దమనిషి ఉన్నాడు. వీళ్ళందరికీ తలనొప్పి తెచ్చే నాలుగోవాడు టోడ్, అంటే బోదురుకప్ప. తండ్రి ఆస్తి, పెద్ద భవనం ఉన్నవాడు. నిన్న పడవ పిచ్చి, ఇవాళ గుర్రబ్బండి పిచ్చి, రేపు మోటారుకారు పిచ్చి. దొంగిలించిన కారు నడిపి జైలుకు పోతాడు, మారువేషంలో తప్పించుకుంటాడు. తిరిగి వచ్చేసరికి అడవిలోని వీజెళ్ళూ స్టోట్లూ, అంటే ముంగిసను పోలిన చిన్న వేటజంతువులు, అతని భవనాన్ని ఆక్రమించి ఉంటాయి. నలుగురు మిత్రులూ సొరంగమార్గాన ప్రవేశించి, వాటిని చితకబాది, భవనాన్ని తిరిగి స్వాధీనం చేసుకోవడంతో కథ ముగుస్తుంది.

రచయిత ఎవరో, ఎప్పుడు రాశాడో తెలిస్తే కథ మరింత స్పష్టమవుతుంది. గ్రాహమ్ 1859లో ఎడింబరోలో పుట్టాడు. అయిదేళ్ళ వయసులో తల్లి చనిపోతే థేమ్స్ నది దగ్గర అమ్మమ్మ ఇంట పెరిగాడు. ఆక్స్‌ఫర్డులో చదవాలన్న కోరిక డబ్బు దగ్గర ఆగిపోయింది. బంధువులు 1879లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో గుమాస్తాగా చేర్చారు. 1898 నాటికి ఆ బ్యాంకుకు కార్యదర్శి అయ్యాడు. 1903లో ఒక అపరిచితుడు బ్యాంకులోకి వచ్చి ఆయన మీద తుపాకీ పేల్చాడు, గుళ్ళు తగలలేదు. అదే సంవత్సరం చేసిన మోటారుకార్ల చట్టం బండ్లకు నంబర్లు తప్పనిసరి చేసి, గంటకు 20 మైళ్ళ వేగానికి అనుమతిచ్చింది. 1906 ఎన్నికల్లో కార్మికుల పక్షాన 29 మంది పార్లమెంటులో అడుగుపెట్టారు, లేబర్ పార్టీ అనే పేరు అప్పుడే స్థిరపడింది. కొడుక్కు చెప్పిన కథలనూ, 1907లో రాసిన ఉత్తరాలనూ ఆధారం చేసుకుని గ్రాహమ్ ఈ పుస్తకం రాశాడు. పాత పల్లెసీమ ఒకవైపు నుంచి మోటారుకారుకూ, మరొకవైపు నుంచి అడుగు జనానికీ లోబడిపోతున్నదని అక్కడి ఉన్నత మధ్యతరగతి బెంగపడుతున్న కాలం అది. పుస్తకంలో టోడ్ కారూ, అడవి మూకా ఎక్కడినుంచి వచ్చాయో వెతకడానికి దూరం పోనక్కరలేదు.

అయితే ఇతివృత్తంలో వర్గస్వభావాన్ని పసిగట్టగానే విమర్శ పూర్తయినట్టు కాదు. ఆ స్వభావం నవ్వుగా ఎలా మారిందో చెప్పాలి. గ్రాహమ్ శిల్పంలో మొదటి విశేషం కొలత లేకపోవడం. బోదురుకప్ప ఒకచోట నీళ్ళలో పడి కొట్టుకుపోయేంత చిన్నది, మరొకచోట కారు నడిపేంత, ఆడమనిషిగా చలామణి అయ్యేంత పెద్దది. ఇదెలా సాధ్యమని రచయిత ఎక్కడా సంజాయిషీ ఇవ్వడు. సంజాయిషీ ఇస్తే హాస్యం చచ్చిపోతుంది. రెండో విశేషం, జంతువు ఇక్కడ ఒక గుణానికి గుర్తు కాదు. మన నీతికథలో నక్క అంటే జిత్తు, గాడిద అంటే మూఢత్వం. ఇక్కడ మోల్‌కు బిడియం ఉంది, కుతూహలం ఉంది, అసూయా ఉంది. ఎలుకకు కవిత్వం రాసే అలవాటుంది. అంటే ఆధునిక నవలలోని పాత్రచిత్రణ జంతుకథలోకి వచ్చింది. మన రచయితలు ఈ పుస్తకం నుంచి నేర్చుకోదగినది ముందుగా ఇదే.

ఇక వ్యంగ్యం. టోడ్‌కు శిక్ష వేసే ఘట్టం చూడండి. కారు దొంగతనానికి పన్నెండు నెలలు, ప్రాణాంతకంగా నడిపినందుకు మూడేళ్ళు. పోలీసులతో పొగరుగా మాట్లాడినందుకు మాత్రం పదిహేనేళ్ళు! మొత్తం పందొమ్మిది, లెక్క సరిగా ఉండాలని ఇరవై చేస్తారు. ప్రజల ప్రాణం కంటే అధికారుల పరువును అయిదింతలు ఖరీదుగా చూసే న్యాయస్థానం గురించి ఇంత పొదుపుగా చెప్పిన వ్యంగ్యం అరుదు. ఇక్కడ గ్రాహమ్ నవ్వు పైకి పోతున్నది.

జైలు నుంచి తప్పించుకునే ఘట్టంలో నవ్వు మలుపు తిరుగుతుంది. జైలుకు బట్టలు ఉతికే ఆవిడ దుస్తులు వేసుకుని టోడ్ బయటపడతాడు. డబ్బు తీసుకుని బట్టలిచ్చిన ఆ మనిషి ఒక షరతు పెడుతుంది. తన నోటికి గుడ్డ కట్టి, కాళ్ళూ చేతులూ బంధించి పోవాలి. లేకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. కథ ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి పరుగెత్తుతుంది. తరువాత కాలువ పడవ నడిపే స్త్రీ, చాకలి పని తెలిసినదానివే కదా, ఈ బట్టలు ఉతుకు అంటుంది. టోడ్‌కు చేతకాదు. వేళ్ళు ముడతలు పడతాయి, నడుము నొస్తుంది, మురికి మాత్రం పోదు. ఆమె కడుపుబ్బ నవ్వి, చివరికి వాణ్ణి కాలువలోకి గిరాటు వేస్తుంది. మారువేషం వేసినంత సులువుగా పని రాదన్నది ఈ హాస్యంలోని సత్యం. పుస్తకం మొత్తంలో దొర మీద శ్రమ నవ్విన చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఘన్‌పూర్ ప్రాంతపు పాఠకుడికి ఈ ఘట్టం ఇంగ్లండు పాఠకుడికి తగిలినట్టు తగలదు. పాలకుర్తి మా పొరుగు. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్ తన పంటను కాజేయబోతే, సంఘం అండతో ఎదురునిలిచి ధాన్యం ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మ ఆ ఊరిది. ఇక్కడ చాకలితనం దొర ఒక పూటకు తొడుక్కుని విడిచే గౌను కాదు, వెట్టిగా తరాల తరబడి మోసిన బరువు. ఆ చరిత్ర తెలిసిన పిల్లవాడు టోడ్ అవస్థకు నవ్వుతాడు, కాళ్ళూ చేతులూ కట్టివేయించుకున్న ఆవిడ ఏమైందని కూడా అడుగుతాడు. పుస్తకం దగ్గర దానికి జవాబు లేదు.

ఆ ప్రశ్న పట్టుకుంటే మిగతావీ కనిపిస్తాయి. నది ఒడ్డున ఎవరూ పని చేయరు. విందు బుట్ట నిండుగా ఉంటుంది, ఆ తిండి ఎవరు పండించారో, ఎవరు వండారో తెలియదు. నలుగురు మిత్రుల్లో ఒక్క స్త్రీ లేదు. చెప్పుకోదగ్గ స్త్రీలు మనుషుల్లో ముగ్గురు. జైలరు కూతురు, బట్టలు ఉతికే ఆవిడ, పడవ నడిపే ఆవిడ. ముగ్గురూ పని చేసేవాళ్ళే. శ్రమ కనిపించేదల్లా నలుగురి స్నేహం వెలుపలే.

భవనాన్ని తిరిగి పట్టుకునే ఘట్టంలో ఈ లోపం సిద్ధాంతంగా మారుతుంది. మన మాటలో చెప్పాలంటే అది గడి. గడి యజమాని జైలుకెళితే అడవి జనం వచ్చి కూర్చున్నారు. పాఠకుడు యజమాని పక్షాన నిలబడి చప్పట్లు కొట్టాలి, కొడతాడు కూడా. దొంగ, అబద్ధాలకోరు, పనికిమాలినవాడు అని పుస్తకమే రుజువు చేసిన టోడ్ పక్షాన మనం ఎందుకు నిలబడుతున్నాం? శిల్పమే కారణం. టోడ్‌కు పేరుంది, గొంతుంది, కన్నీళ్ళున్నాయి, అతని తప్పులన్నీ మనకు నవ్వు రూపంలో అందాయి. అడవి జనానికి పేర్లు లేవు. వాళ్ళు గుంపు. వాళ్ళ ఆకలి, చలి, పిల్లలు కథలోకి రారు. ఒక పక్షానికి వ్యక్తిత్వాన్నీ, రెండో పక్షానికి సంఖ్యనూ ఇస్తే చాలు, న్యాయాన్యాయాల వాదన అక్కరలేకుండానే పాఠకుడి పక్షం నిర్ణయమైపోతుంది. ఓడిపోయిన వీజెళ్ళ చేత గదులు ఊడ్పించి, పక్కలు వేయించి, తలా ఒక రొట్టె ఇచ్చి వెనక వాకిలి గుండా పంపేస్తారు. గడిలో పని చేసే మనుషులు మొదటిసారి కనిపించింది అక్కడే, అదీ శిక్షగా!

ఈ మెలికను విప్పిన రచయిత ఇంగ్లండులోనే ఉన్నాడు. జాన్ నీడిల్ 1981లో ‘వైల్డ్ వుడ్’ అనే నవలలో ఇదే కథను అడవి జనం వైపు నుంచి చెప్పాడు. కథ చెప్పే బాక్‌స్టర్ ఫెరెట్ పనివాడు, మోటార్లు తెలిసినవాడు. సంఘటనలు అవే. కాని గుంపులో ఒకడికి పేరూ పనీ రాగానే నది ఒడ్డు సుఖం వేరే రంగులో కనిపిస్తుంది. దృక్కోణం మారితే వస్తువే మారుతుందనడానికి విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ చూపలేం.

ఇంతమాత్రాన గ్రాహమ్‌ను కొట్టిపారేస్తే అది యాంత్రిక విమర్శ అవుతుంది. చలిరాత్రి నడుస్తుంటే మోల్‌కు తాను వదిలివచ్చిన ఇంటి వాసన తగిలే అధ్యాయం ఉంది. చిన్న ఇల్లు, దుమ్ము పట్టినది, మిత్రుడికి చూపించడానికి సిగ్గుపడేటంత పేదది. అయినా ఆ వాసనకు మోల్ వెక్కివెక్కి ఏడుస్తుంది. ఊరు వదిలి భివండి మగ్గాలకు వెళ్ళిన మన నేతపనివారికి ఈ అధ్యాయం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. తల్లినీ, నది ఒడ్డు ఇంటినీ పోగొట్టుకుని బ్యాంకు బల్ల ముందు కూర్చున్న మనిషి నిజమైన వేదన అది. గతం మీద బెంగ ఎప్పుడూ అభివృద్ధి నిరోధకమే అనలేం. పోయింది నలుగురి గూడా, ఒకడి గడియా అన్నదే తేల్చుకోవాలి. గ్రాహమ్ రెండింటినీ ఒకే కన్నీటిలో కలిపాడు. విమర్శకుడు వాటిని విడదీయాలి.

మన సంప్రదాయంతో పోల్చితే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ మిత్రలాభంలో కూడా నలుగురు మిత్రులే. కాకి, ఎలుక, తాబేలు, జింక. కాని అక్కడ స్నేహం తీరికలో పుట్టలేదు, వల దగ్గర పుట్టింది. కాకి స్నేహం కోరితే ఎలుక వెంటనే ఒప్పుకోదు. తినేవాడికీ తిండికీ స్నేహమేమిటని నిలదీస్తుంది. వేటగాడు తాబేలును పట్టుకుంటే జింక చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని మీద వాలుతుంది, ఎలుక బంధాలు కొరుకుతుంది. ఎవరి నేర్పు వారిది, ప్రాణాపాయం అందరిది. ఇది బలహీనుల ఐక్యత కథ. అయితే దీన్ని రాకుమారులకు రాజనీతి నేర్పే చట్రంలో బిగించారు, ఆ పరిమితి మరువరాదు.

మూడో తోవ జానపదులది. ఏడు చేపల కథనే తీసుకోండి. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. దాన్ని ఆవు ఎందుకు మేయలేదు? పాలేరు మేపలేదు. పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వకు పసిపాప ఏడుపు. పాపను చీమ కుట్టింది. నవ్విస్తూనే ఒక్కొక్క పని వెనక మరొకరి పని, దాని వెనక అన్నం, దాని వెనక పసిపాప ఉన్నాయని ఈ కథ చూపుతుంది. పాలేరుకు అన్నం పెట్టకపోతే రాజుగారి చేప ఎండదు! నది ఒడ్డు విందుబుట్టలో దొరకని ప్రశ్న, అక్షరం రాని అవ్వలు చెప్పిన కథలో దొరుకుతున్నది.

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. పొలం గట్టు మీది పందికొక్కును ఎరిగిన పిల్లలు ఇంగ్లండు మోల్‌నూ బ్యాడ్జర్‌నూ చదవవలసి వస్తే వాటిని ఎలా అందించాలి? మోల్ ఇక్కడ లేదు. చుంచెలుక అని అనువదిస్తే జంతువే మారిపోతుంది. ఎలుక మన రైతుకు వడ్లు దోచే శత్రువు, అక్కడ నీటి ఎలుక పడవ నడిపే సరసుడు. కప్ప మనకు వాన తెచ్చేది. వానలు లేని ఏడు పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్ళు నీళ్ళు పోసే కప్పతల్లి ఆట మన ఊళ్ళది. అదే కప్ప గడీ కారూ ఉన్న దొరగా వస్తే పిల్లవాడు తికమకపడతాడు. ఆ తికమకను దాచిపెట్టకూడదు, పాఠం అక్కడినుంచే మొదలుపెట్టాలి. అక్కడి కప్ప దొర ఎట్లా అయింది, ఇక్కడి కప్ప తల్లి ఎట్లా అయింది అని అడిగించాలి. అది సాహిత్య పాఠమూ అవుతుంది, సమాజ పాఠమూ అవుతుంది.

పిల్లల కథలు రాయడం చిన్నపని అనుకునే రచయితలకు కొడవటిగంటి కుటుంబరావు జీవితం జవాబు. విరసంలో ఉన్న ఆ మార్క్సిస్టు రచయిత 1952 నుంచి 1980లో మరణించేదాకా ‘చందమామ’ను తీర్చిదిద్దే పనిలో ఉన్నారు. పిల్లల వచనం తేటగా, తర్కబద్ధంగా ఉండాలన్న పట్టుదల ఆ పత్రిక పుటల్లో కనిపిస్తుంది. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. ఆ చోటు ఖాళీగా ఉన్నది.

దాన్ని నింపదలచినవారికి గ్రాహమ్ నుంచి తీసుకోవలసినది ఉంది, విడిచిపెట్టవలసినదీ ఉంది. జంతువును నీతికి కూలిమనిషిగా వాడకుండా పాత్రగా బతికించడం, సంజాయిషీ లేకుండా నవ్వించడం తీసుకోవాలి. పేరు లేని గుంపును విడిచిపెట్టాలి. మిత్రలాభం నుంచి ఆపదలో పుట్టే ఐక్యతను, ఏడు చేపల నుంచి ఆగకుండా అడిగే ప్రశ్నను కలుపుకోవాలి. అలాంటి కథలో కూడా విందు ఉండవచ్చు, పడవ ఉండవచ్చు, కారు పిచ్చి పట్టిన బోదురుకప్ప కూడా ఉండవచ్చు. ఆ విందుకు వండినవాళ్ళు కూడా బంతిలో కూర్చోవాలి, వాళ్ళకు పేర్లుండాలి.