చలికాలం... పిట్ట గుండె పెరిగే కాలం!

‘గుండె పెద్దదైంది’ అని డాక్టరు చెబితే మనకు కంగారు. ఉత్తర అమెరికాలో ఉండే చికడీ పిట్టకు మాత్రం అదే ప్రాణరక్ష!

తలమీద నల్లటోపీ పెట్టుకున్నట్టుండే ఈ పిట్ట బరువు 10-12 గ్రాములే. అయినా మంచు కురిసే కాలంలో వలస పోదు. పగలంతా తిని పోగేసుకున్న కొవ్వే రాత్రికి ఆధారం. దాన్ని పొదుపుగా వాడేందుకు ఒంటి వేడిని దాదాపు 10 డిగ్రీలు తగ్గించుకుంటుంది. అంతకన్నా తగ్గకుండా ఛాతీ కండరాలతో వణుకుతూ వెచ్చదనం పుట్టిస్తుంది. మరి ఆ కండరాలకు ఆక్సిజన్, ఇంధనం అందాలిగా? అందుకే చలికాలానికి ఛాతీ కండరాలతోపాటు గుండే పెరుగుతుంది. ఇది జబ్బు కాదు, సాధన చేసిన క్రీడాకారుడి గుండె లాంటిది.

యూజీన్ ఓడమ్ అనే శాస్త్రవేత్త 1930ల చివర్లోనే ఈ పిట్టల గుండె వేగాన్ని కొలిచారు. విశ్రాంతిలో ఉన్నప్పుడే నిమిషానికి సుమారు 500 సార్లు కొట్టుకుంటుంది. మనకైతే 70 చాలు!

పెద్ద గుండెను పోషించాలంటే తిండీ ఎక్కువే కావాలి. అందుకే వాతావరణం వేడెక్కగానే అది మళ్లీ చిన్నదవుతుంది. చలి పోగానే మనం రజాయి మడిచి అటకెక్కించినట్టన్నమాట!